రేకు మీద మూడు దెబ్బలు

డిపో విశ్రాంతి గది,
జనవరి 12

తమ్ముడికి,

నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. ఫ్యాక్టరీ భోజనం తిని కూడా బాగుండటం నీ ఒక్కడికే చేతనవుతుంది. ఈ ఉత్తరానికి జవాబు ఇంటికి రాయకు, డిపో చిరునామాకే రాయి. ఫోను కూడా చెయ్యకు. నాకూ మీ బావకూ ఉన్నది ఒకే ఫోను. కారణం తరువాత చెబుతాను. చెప్పే అవసరమే రాకపోతే మరీ మంచిది.

మన బస్సు సంస్థ తరఫున ఇంజనీరుగా నువ్వు తనిఖీకి వెళ్ళిన మీ ఫ్యాక్టరీ నుంచి కొత్త కరెంటు బస్సు ఒకటి నమూనాగా మా డిపోకు వచ్చింది. ఇలాంటి ప్రతి బండినీ మా తమ్ముడే పరీక్షించి, సంతకం పెట్టి పంపుతాడని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. బండి చూడముచ్చటగా ఉంది, కాదనను. మెట్టు దాదాపు నేలకు ఆనుతోంది. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేయవచ్చు. సీటు నన్ను చూసి తానే ముందుకు జరిగింది. మా ఇంట్లో కుర్చీలకు కూడా నేనంటే ఇంత మర్యాద లేదు.

అసలు సంగతికి వస్తాను. నేను దాని ముందు చక్రం పక్కన నిలబడి టికెట్ల ఆమెతో మాట్లాడుతున్నాను. మాట మధ్యలో ఆమె కళ్ళు పెద్దవి చేసి నా రెక్క పట్టుకుని లాగింది. తిరిగి చూసేసరికి, అప్పటిదాకా నేను నిలబడిన చోటు మీదుగా ఆ బస్సు వెళ్ళిపోతోంది. ఊపిరి తీసినంత చప్పుడు కూడా లేదు. "దెయ్యమైనా గజ్జెల చప్పుడు చేసుకుంటూ వస్తుంది కదక్కా, ఇదేంటి ఇలా వచ్చింది?" అంది ఆమె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి భోజనానికి కూర్చుని, కంచం అలాగే తీసి లోపల పెట్టేశాను.

నువ్వు ఆఫీసు గదిలో పనిచేసినవాడివి కనుక మా యార్డు పద్ధతి గుర్తు చేస్తాను. బండి కదిలించే ముందు డ్రైవరు దిగి, పక్క రేకు మీద అరచేత్తో మూడు దెబ్బలు కొట్టాలి. కింద ఫిట్టరు ఉంటే స్పానరుతో తిరిగి కొడతాడు. చప్పుడు వస్తే ఆగాలి. రాకపోతే కింద ఎవరూ లేనట్టు, కదలవచ్చు. నేను స్టీరింగు పట్టిన నాటి నుంచి ఇదే పద్ధతి. ఇప్పుడు కరెంటు తీగల కోసం షెడ్డు నేలంతా తవ్వి, అందులోని గోతులన్నీ మూసేశారు. గోతిలో నిలబడి పైకి చూస్తూ పనిచేసే ఫిట్టర్లు, చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండ్ల కిందికి దూరుతున్నారు. వాళ్ళలో మీ బావ ఒకరు.

ఆ బండికి ఇంజను మోత లాంటిదేదైనా పెట్టించగలవా? తమాషాకు అడగటం లేదు. నేను భయపడుతున్న సంగతి ఎవరికీ చెప్పకు. డ్రైవరు భయపడుతోందని తెలిస్తే జనం దిగి నడుచుకుంటూ పోతారు.

అక్క

*

ఫ్యాక్టరీ అతిథిగృహం,
జనవరి 20

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. తెలిసీ తెలియని జవాబు రాయడం ఇష్టం లేక, ఆ విభాగం వాళ్ళను అడిగి తెలుసుకునేదాకా ఆగాను. ఆలస్యానికి అదే కారణం.

నువ్వు చూసిన దోషం నిజమైనదే. బండి నిశ్శబ్దంగా కదలడం ప్రమాదమని దీనిని తయారుచేసినవారికీ తెలుసు. అందుకే ముందు భాగంలో ఒక స్పీకరు అమర్చారు. బండి నెమ్మదిగా నడిచేటప్పుడు అది తేనెటీగల గుంపులా మోత చేస్తుంది. వేగం అందుకున్నాక టైర్ల చప్పుడే చాలు కనుక ఆగిపోతుంది. మీకు పంపిన నమూనాలో దానిని ఆపి ఉంచారట. అసలు బండ్లలో ఆపడానికి మీట ఉండదు. ఆ షరతును ఒప్పందంలో పట్టుబట్టి చేర్పించాను.

అయితే నీ దిగులు చప్పుడు గురించి మాత్రమే కాదేమోనని నాకు తోచింది. కొత్త బండ్లతోపాటు కొత్త డ్రైవర్లు వస్తారని, నీ సీటు ఎవరికో పోతుందని అనుకుంటున్నావా? అలాంటిదేమీ లేదు. మొదటి బండిని నడిపేవారి పేర్లలో నీది పైన ఉందని నాకు తెలిసింది. ఇక బావ సంగతి. ఇన్నేళ్ళూ రేకుల మోతలో, ఇంజన్ల రొదలో బతికిన మనిషి. ఇకనైనా ఆయన చెవులకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. పోయినసారి నేను వచ్చినప్పుడు ఏది చెప్పినా "సరే సరే" అని ఊరుకున్నారు. నా మాటలు అంత విసుగు పుట్టిస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు.

నీతో ఒక పని పడింది. మొదటి కరెంటు బస్సు రోడ్డెక్కే రోజున మన సంస్థ పుట్టుపూర్వోత్తరాల మీద చిన్న పుస్తకం పంచుతారట. రాయడం నాకు అప్పగించారు. యుద్ధంలో వాడి వదిలేసిన లారీలకు చెక్క గదులు బిగించి సంస్థ మొదలుపెట్టిన సంగతి, తరువాత రేకు బాడీలు వచ్చిన సంగతి ఆఫీసు కాగితాల్లో ఉన్నాయి. మనుషులు ఎలా పనిచేశారో మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఆ మూడు దెబ్బల పద్ధతి ఎప్పుడు, ఎలా మొదలైందో పాతకాలంలో హ్యాండిల్ తిప్పి బస్సు ఇంజన్లు లేపిన మన హ్యాండిల్ పెదనాన్నను అడిగి రాస్తావా? ఆయనకు వినేవాళ్ళు దొరకడమే పండగ.

ధైర్యంగా ఉండు.

నీ తమ్ముడు

*

డిపో విశ్రాంతి గది,
జనవరి 29

తమ్ముడికి,

నీ ఉత్తరంలో "చెవులకు విశ్రాంతి" అన్న చోట ఆగిపోయాను. వేళాకోళానికి రాశావు. నీకు తెలియదు కనుక తప్పు నీది కాదు.

మీ బావకు వినపడదు.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో నీళ్ళ అడుగు నుంచి విన్నట్టు ఏదో వస్తుందట. నీ మాటలు ఆయనకు విసుగు పుట్టించలేదు, అందలేదు, అంతే. ఎదుటివాళ్ళ పెదవులు చూసి జవాబు చెబుతారు. పెదవులు కనపడకపోతే "సరే సరే" అంటారు. ఆ రెండు మాటలతో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చారు. నేను ఫోనులో మాట్లాడుతుంటే ఎదురుగా కూర్చుని నా ముఖం చదివేస్తారు. అందుకే ఈ ఉత్తరాలు.

డిపోలో ఎవరికీ తెలియదు. బండి కిందికి దూరే ముందు ఆయన నా వైపు చూసి రెండు వేళ్ళు చూపిస్తారు, కిందికి పోతున్నానని. లోపల పడుకున్నాక ఒక అరచెయ్యి ఇనుప చట్రానికి ఆనించి ఉంచుతారు. నేను రేకు మీద కొడితే ఆ అదురు ఇనుము వెంట ఆయన చేతికి చేరుతుంది. ఇంజను లేస్తే ఇక చెప్పక్కర్లేదు, ఒళ్ళంతా అదురుతుంది. పాత బండి చెవిటివాడికి కూడా వినపడుతుంది తమ్ముడూ. ఈ కొత్త దాని పక్కలు రేకు కాదు, ఏదో ఫైబరు. కొడితే దిండు మీద కొట్టినట్టుంది.

ఆయనతో అన్నాను. "ఏమండీ, ఒక్కసారి డాక్టరుకి చూపించుకుందాం."

"చూపించుకుంటే చెవుడని రాస్తాడు. రాశాక గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడతారు. నేనక్కడ కూర్చుంటే బండ్లు వాటంతటవే బాగైపోతాయా?"

"నా బండి కింద మీరుంటేనో?"

"నీ బండి కింద నాకేం భయం? నీ దెబ్బ వేరు. నాకు తెలుసు."

ఊళ్ళో తిరిగే బస్సులన్నిటిలోనూ, నేను నడిపే బస్సంటేనే నాకు భయంగా ఉంది. ఇది నీ దగ్గరే ఉంచు. సంస్థకు చెప్పవలసిన బాధ్యత నీ ఉద్యోగానికి ఉందని తెలిసే రాస్తున్నాను. తమ్ముడివి కనుక చెప్పాను, ఇంజనీరువి కనుక కాదు.

పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. ముందు నా జీతం అడిగి, తన కాలం జీతం చెప్పి, రెండిటినీ తిట్టి, తరువాత విషయానికి వచ్చారు.

"మా రోజుల్లో బండికి ఇద్దరమ్మా. కూర్చునేవాడొకడు, హ్యాండిల్ తిప్పేవాడొకడు. నేను ముందు నిలబడి తిప్పేవాణ్ణి. ఒక్కోసారి ఎదురు తన్నేది. ఈ వంకర మణికట్టు దాని బహుమానమే. ఇంజను అందుకున్నాక హ్యాండిల్ లాక్కుని, బండి చుట్టూ ఓ చుట్టు తిరిగి, కిందికి వంగి చూసి, అప్పుడు రేకు మీద మూడు కొట్టేవాణ్ణి. కొడితేనే కదలాలి. నేను టీ తాగడానికి పోతే డ్రైవరుగారు నోరు మూసుకుని కూర్చోవాల్సిందే."

"ఇప్పుడు డ్రైవరే కొడుతున్నాడు కదా పెదనాన్నా. చప్పుడు రాకపోతే కదులుతున్నాం."

"బటన్ నొక్కితే లేచే ఇంజన్లొచ్చాయి. హ్యాండిల్ వాళ్ళందర్నీ బండ్లు కడగడానికి పంపేశారు. ముందు నిలబడే మనిషి లేడు. డ్రైవరు తనే దిగి, తనే కొట్టి, తనే విని, తనే పోవడం మొదలెట్టాడు. అడిగేదీ తనే, సరేననేదీ తనే."

"ఎవరు మార్చారు ఆ పద్ధతిని?"

"ఎవరూ మార్చలేదు. ఎవరూ ఆపలేదు, అంతే."

ఒకసారి క్లీనరొకడు నీడ కోసం బండి కింద పడుకుని నిద్రపోయాడట. డ్రైవరు మూడు కొట్టినా లేవలేదు. ఇంజను మోతకు ఉలిక్కిపడి లేచి, తల కొట్టుకుని, దొర్లుకుంటూ బయటపడ్డాడట. "వారం రోజులు నవ్వుకున్నాం" అని పెదనాన్న మళ్ళీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అక్క

*

ఫ్యాక్టరీ అతిథిగృహం,
ఫిబ్రవరి 6

అక్కకు,

ముందుగా ఒక మాట. నేను బావను అపార్థం చేసుకున్నాను, నిన్నూ చేసుకున్నాను. నీ భయానికి నేను చెప్పిన సమాధానం వేరే ఎవరి భయానికో సరిపోతుంది.

ఉత్తరం చదివిన మరునాడే ఒక పరీక్ష చేశాను. పూర్తయిన బండి ఒకటి నిలిపి ఉంటే, చక్రాల పలక మీద పడుకుని దాని కిందికి వెళ్ళాను. పెయింటు విభాగం మేస్త్రీని పక్కన నిలబెట్టి, నీలాగే మూడు కొట్టమన్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి. అయినా మొదటి రెండు దెబ్బలు తెలియలేదు. మూడవది పక్క షెడ్డులో తలుపు వేసినట్టు వినపడింది. తరువాత బావలా అరచెయ్యి ఆనించాను. బ్యాటరీ పెట్టెల చుట్టూ, అదురు తగలకూడదనే మందపాటి రబ్బరు వేశారు. చేతికి ఏమీ అందలేదు. కొట్టావా అని అడిగితే, "కొట్టి చెయ్యి నొప్పెడుతోంది సార్, మీరింకా లేవరేంటి?" అన్నాడు మేస్త్రీ.

అక్కడ పడుకుని ఉండగా మరొకటి అర్థమైంది. ఇంజను మోత బండి కదలక ముందు వచ్చేది. ఈ స్పీకరు మోత కదలడంతోపాటు వస్తుంది. రోడ్డు దాటే మనిషికి ఈ తేడా పెద్దది కాదు. చక్రం ముందు పడుకున్న మనిషికి ఆ తేడాయే ప్రాణం. పెదనాన్న క్లీనరు బతికింది మూడు దెబ్బల వల్ల కాదు, మోత ముందు రావడం వల్ల. ఆచారంలోని లోపాన్ని ఇంజను ఇన్నేళ్ళూ తన రొదతో కప్పుతూ వచ్చింది. మనం ఇప్పుడు ఇంజను తీసేశాం, ఆచారాన్ని అలాగే ఉంచాం.

డిపో మేనేజరుకు ఒక ప్రతిపాదన రాసి పెట్టాను. కిందికి వెళ్ళే ఫిట్టరు మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి తన జేబులో ఉంచుకోవాలి. యార్డులో ఏ బండినీ డ్రైవరు ఒక్కరే కదిలించకూడదు. మరొక మనిషి చుట్టూ చూసి వచ్చి, ముందు నిలబడి రమ్మనాలి. చప్పుడు రాకపోవడాన్ని అనుమతిగా తీసుకోకూడదు. ఇందులో బావ ప్రసక్తి లేదు. అయినా నువ్వు ఊఁ అనేదాకా పంపను. నీ జవాబు కోసం చూస్తుంటాను. ఎక్కువ రోజులు చూడలేను.

నీ తమ్ముడు

*

డిపో,
ఫిబ్రవరి 13

తమ్ముడూ,

ఊఁ అనేదాకా పంపనని రాశావు. ఆ ఉత్తరం నాకు అందిన రోజునే, డిపోలో బల్ల వేసి, చెవులకు తొడిగే యంత్రం పెట్టుకుని డాక్టరు కూర్చుని ఉన్నాడు. ఫిట్టర్లందరికీ చెవి పరీక్ష. మిగతా ఒంట్లో ఏ భాగానికీ లేదు, చెవికే. నీ ప్రతిపాదనలో బావ ప్రసక్తి లేదన్నావు. ఇక ప్రసక్తి దేనికి?

మీ బావ జలుబని చెప్పి, చెవిలో దూది పెట్టుకుని తప్పించుకున్నారు. మరోసారి రమ్మన్నారు. ఇంటికి వచ్చి నా ముందు నిలబడి, నేను జవాబు చెబితే చదువుకోవడానికి వీలుగా నా పెదవుల వైపే చూస్తూ అడిగారు. "ఎవరికి చెప్పావు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "తమ్ముడికి" అన్నాను.

"నీకు తమ్ముడు. నాకు అధికారి" అన్నారు. ఆ తరువాత మాటలు లేవు. ఏదైనా అవసరమైతే చీటీ రాసి బల్ల మీద పెడుతున్నారు. వినపడనివాడు మాట్లాడటం మానేస్తే ఇల్లెలా ఉంటుందో నీకు రాసి చెప్పలేను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆ కొత్త బస్సు లాగే ఉన్నాం.

మొదటి బండిని వచ్చే గురువారం పెద్దలందరి ముందు నేనే బయటికి నడపాలట. అడుగు భాగం తనిఖీ చేసేవారిలో మీ బావను వేశారు. నాకు ఆయన ముందు నిలబడే ముఖం లేదు. నీకు ఇంకా ఏమైనా రాయాలని కూడా లేదు.

అక్క

*

ఫ్యాక్టరీ అతిథిగృహం,
ఫిబ్రవరి 16

అక్కకు,

దయచేసి ఈ ఉత్తరాన్ని చివరిదాకా చదువు.

నా ప్రతిపాదన ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. చెవి పరీక్షకూ దానికీ సంబంధం లేదు. బ్యాటరీ వేడెక్కితే ఒక అలారం మోగుతుంది. ఆ మోత వినగలిగినవారే దగ్గర పనిచేయాలని అమ్మకం ఒప్పందంలోనే షరతు ఉంది. డాక్టరు వచ్చింది అందుకు. ఆ షరతు చదివినప్పుడు, అది బావకు తగులుతుందని నాకు తెలియదు. తెలిసిన తరువాత, డాక్టరు ఇంత త్వరగా వస్తాడని తెలియదు. నువ్వు నమ్మకపోయినా నాకు బాధ లేదు. గురువారం మాత్రం నా మాట విను.

బావను నీ కళ్ళతో చూడకుండా ఆ బండిని కదిలించకు. మూడు దెబ్బలను నమ్మకు. పలకలేదు కదా అని వెళ్ళకు. బావ నీకు ఎదురుగా, బండికి బయట, రెండు కాళ్ళ మీద నిలబడి ఉండాలి.

ఇవాళ సాయంత్రం, లోపలికి తేనివ్వక గేటు దగ్గరే దాచి ఉంచే నా ఫోను అడిగి తీసుకుని మీ నంబరుకు చేశాను. నువ్వు వద్దన్నావు, తెలుసు. ఆగలేకపోయాను. బావ ఎత్తారు. ఉన్న మాటంతా చెప్పాను. పరీక్ష పెట్టించింది నేను కాదని, గురువారం మీరు ముందు నిలబడేదాకా అక్కను కదలనివ్వవద్దని చెప్పాను. ఆయన శాంతంగా "సరే సరే" అన్నారు. గుండె కుదుటపడి గదికి వచ్చాను. పడుకోబోతుండగా, ఆ రెండు మాటల గురించి నువ్వు రాసింది జ్ఞాపకం వచ్చింది. డిపోకు ఫోను చేస్తే బావ సంగతి అందరికీ తెలిసిపోతుందని, వెంటనే లేచి కాగితం తీసుకున్నాను.

పొద్దున్నే నేనే వెళ్ళి తపాలాలో వేస్తాను. నీ డిపో మేనేజరుకు నా ప్రతిపాదన కూడా ఇప్పుడు పంపుతున్నాను, నీ ఊఁ లేకుండానే. కోప్పడటానికి మనకు చాలా ఏళ్ళుండాలని.

తమ్ముడు

*

ఇల్లు,
ఫిబ్రవరి 21

తమ్ముడికి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మేనేజరుకు నువ్వు పంపిందీ అప్పుడే వచ్చింది. గురువారం వాటికంటే ముందే వచ్చి వెళ్ళిపోయింది.

నీ ఫోను సంగతి చీటీగా నా బల్ల మీదికి వచ్చింది. "నీ తమ్ముడు చేశాడు. కులాసాగా ఉన్నాడట." అంతే ఉంది అందులో.

గురువారం డిపోలో వేదిక వేశారు. పెద్దలంతా కుర్చీల్లో కూర్చున్నారు. నేను ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని సీట్లో సిద్ధంగా ఉన్నాను. తనిఖీలన్నీ ముందురోజే అయిపోయాయి. ఆఖరు నిమిషంలో వెనకవైపు అడుగు మూత ఒకటి వదులుగా ఉందని మీ ఫ్యాక్టరీ మనిషి గమనించి ఫిట్టర్లను కేకేశాడట. ఆ కేక నాకు వినపడలేదు. మీ బావకు మాత్రం వినపడిందా? అతను చెయ్యి చూపించిన వైపు చూసి, పలక తోసుకుంటూ అవతలి పక్క నుంచి కిందికి వెళ్ళారు. మామూలు రోజైతే నాకు రెండు వేళ్ళు చూపించేవారు. మా మధ్య మాటలు లేవు కదా. వేళ్ళూ లేవు.

"బయల్దేరండి మేడమ్" అన్నాడు డిపో మేనేజరు. నేను దిగాను. మూడు కొట్టాను. చెవి ఒగ్గి విన్నాను. ఏమీ రాలేదు. మళ్ళీ ఎక్కి కూర్చున్నాను. కుడి కాలు పెడలు మీదికి వెళ్ళింది. చేతి బ్రేకు వదలబోతూ అద్దంలోంచి ముందుకు చూశాను. మనుషులందరూ పక్కల ఉన్నారు. బండి ముందు ఖాళీగా ఉంది. పెదనాన్న హ్యాండిల్ పట్టుకుని నిలబడే చోటు అది. అడిగింది నేనే, సరేనన్నదీ నేనే అనిపించింది. కాలు వెనక్కి తీసుకున్నాను.

మళ్ళీ దిగుతుంటే మేనేజరు విసుక్కున్నాడు. "ఇప్పుడే కదండీ కొట్టారు? ఎవరూ పలకలేదు కదా?"

"పలకలేదండీ. అందుకే దిగాను" అన్నాను.

అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి చూశాను. వెనక చక్రానికి ఇవతల, చెయ్యి పట్టేంత దూరంలో, బూటు అడుగు కనిపించింది. ఆ మడమకు కొత్త తోలు నేనే వేయించాను. ఆయన వెల్లకిలా పడుకుని ఒక చేత్తో మర బిగిస్తున్నారు. రెండో చెయ్యి తమ్ముడూ, పైకి ఆనించి ఉంది. నా దెబ్బ వస్తుందని నమ్మి ఆనించి ఉంచారు.

నా నీడ పడిందేమో, తల తిప్పి నవ్వారు. వారం తరువాత మొదటి మాట. "ఇంకా బయల్దేరలేదా?"

నా ముఖం చూసి నవ్వు ఆపేశారు. "కొట్టావా?"

"కొట్టాను."

తన అరచెయ్యి వైపు చూసుకున్నారు. తరువాత పలక తోసుకుని బయటికి వచ్చి, నన్ను దాటుకుని నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి అన్నారు. "నాకు వినపడదండి. చాలా ఏళ్ళయింది. రాసుకోండి."

టికెట్ల ఆమె చెయ్యి అందిస్తే లేచి, వెళ్ళి సీట్లో కూర్చున్నాను. వేదిక మీద ఎవరో ప్రసంగం మొదలుపెట్టేశారు. బండి కదలక తప్పదు కదా. అప్పుడు మీ బావ వెళ్ళి బండి చుట్టూ ఒక చుట్టు తిరిగారు. వంగి కిందికి చూశారు. వచ్చి ముందు నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ రేకు మీద మూడు కొట్టారు. అది రేకు కాదులే, ఏదో ఫైబరు. నాకు వినపడలేదు, కనపడింది. ఆయన పక్కకు తప్పుకున్నాక కదిలించాను. జనం చప్పట్లు కొట్టారట. నాకు అదీ తెలియదు.

నిన్ను అనుమానించాను. ఆ మాట నిన్ను చూసినప్పుడు చెబుతాను, కాగితం మీద చాలదు.

అక్క

*

ఫ్యాక్టరీ అతిథిగృహం,
ఫిబ్రవరి 27

అక్కకు,

నీ ఉత్తరాన్ని నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని ముగించాను. బూటు అడుగు అన్న చోటు మళ్ళీ చదవలేకపోయాను.

నేను చేసిన పొరపాటు ఒకటే. వినపడని మనిషికి ఫోను చేసి, "సరే" అన్నారని నిశ్చింతగా గదికి వచ్చాను. మీ యార్డు పద్ధతినే నేనూ పాటించాను. జవాబు లాంటిది ఏదో వస్తే చాలనుకున్నాను.

నా ప్రతిపాదన మీద మేనేజరు జవాబిచ్చారు. మెయిన్ స్విచ్ తాళాలు వెంటనే కొంటారట. ముందు నిలబడే మనిషి విషయం పరిశీలనలో ఉందట. పరిశీలన అంటే ఏమిటో నీకు తెలుసు, నేను వదలను. చెవి పరీక్షలో తప్పినవారిని గేటుకు పంపకుండా ఆ పనిలో పెట్టమని రెండవ కాగితం కూడా పంపాను. ఈసారి బావను ఉద్దేశించే రాశాను, ఆయన పేరు చెప్పకుండానే. పుస్తకం అచ్చయిపోయింది. పై ఆఫీసులో కుదించాక అందులో హ్యాండిల్ మనుషుల గురించి ఒక వాక్యమే మిగిలింది, వారి సేవలు మరువరానివని. మరిచిపోయాం కనుకనే అలా రాస్తాం. మరో ముద్రణ వేస్తే ఆ వాక్యం తీసేసి, పెదనాన్న మాటలే పెడతాను.

నువ్వు బండి నడుపుతున్నావా? నిద్ర పడుతోందా?

తమ్ముడు

*

ఇల్లు,
మార్చి 8

తమ్ముడికి,

ఇకమీదట ఇంటి నుంచే రాస్తాను, జవాబూ ఇంటికే రాయి.

నడుపుతున్నాను. రోడ్డు మీద భయం లేదు. యార్డులో మాత్రం ప్రతిసారీ దిగి, వంగి, రెండు వైపులా చూసి, సీట్లో కూర్చున్నాక మళ్ళీ అనుమానం వచ్చి దిగుతున్నాను. కుర్రడ్రైవర్లు నాకు "ఎక్కుదిగుడు అత్త" అని పేరు పెట్టారు. పెట్టనీ. నిన్న వాళ్ళలో ఒకడు, ఎవరూ చూడటం లేదనుకుని, తనూ వంగి చూడటం నా కంటపడింది.

మీ బావకు కుడి చెవికి మిషన్ ఇచ్చారు. అందులో నా గొంతు కంటే గిన్నెల చప్పుడే బాగా వినపడుతోందట. అది తన అదృష్టమంటున్నారు. ఉద్యోగం ఇంకా తేలలేదు. అంతదాకా పొద్దున పూట బండ్ల ముందు నిలబడుతున్నారు. పెదనాన్న ఒకరోజు వచ్చి చూసి, "చుట్టు సరిగ్గా తిరగడం లేదు, వెనక చక్రం దగ్గర ఆగాలి" అని తప్పు పట్టి వెళ్ళారు.

కింద ఖాళీ వదలమన్నారు, మీ బావ ఏదో రాస్తారట. నన్ను చూడవద్దన్నారు.

అక్క

బావమరిదీ,

ఆ రోజు ఫోనులో నువ్వేం చెప్పావో నాకు ఒక్క ముక్క వినపడలేదు. మీ అక్క చెబితే ఇప్పుడు తెలిసింది. అధికారివి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇకమీదట నాతో ఏమైనా చెప్పాలంటే రాయి. చదువుతాను, జవాబిస్తాను. సరే సరే అనను.

ఇంకొకటి. మీ అక్క నీకు రాసి ఉండదు, తనకు తెలియదు కూడా. నిద్రలో మంచం పట్టె మీద అరచేత్తో మూడు కొడుతోంది. నాకు వినపడదు. మిషన్ తీసి పడుకుంటాను కదా. మంచం అదురు చేతికి తెలుస్తుంది. నేను తిరిగి కొడతాను, ఇక్కడ మనిషి ఉన్నాడని. అప్పుడు చెయ్యి ఆపి, అటు తిరిగి పడుకుంటుంది.

బావ